దూరదేశములకు కుటుంబములను రప్పించుకొనుట: తెలుగువారి వలసచరిత్రలో ఒక అధ్యాయము

ఒక మనుష్యుడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఒంటరిగా పరదేశమునకు పోయినయెడల దానిని ప్రయాణమనియే లోకము వ్యవహరించును. వెనుకనే భార్యయు, బిడ్డలును, తమ్ముడును, మేనల్లుడును వచ్చి చేరినప్పుడు గాని వలస యను పేరు సార్థకము గాదు. తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడియున్న తెలుగు సంఘము లన్నిటి చరిత్రయందును ఈ రెండవ ఘట్టమే ముఖ్యమైనది. మొదట వచ్చినవాని పేరు పెక్కుచోట్ల మరుగుపడినది. అతడు పిలిపించుకొన్నవారి సంతతియే నేటి సంఘము.

భారతదేశము లోపలి వలసలలో ఈ పిలుపునకు అడ్డు లేకుండెను. విజయనగర కాలమునను, తరువాత మధుర, తంజావూరు నాయకరాజుల కాలమునను తమిళదేశమునకు తరలిన కుటుంబములు బంధువులను వెంటబెట్టుకొనియే పోయినవి. తెలంగాణమునుండి ఇండ్లు కట్టు పనులకై బొంబాయి చేరిన కామాఠీలు ఒకరినొకరు రప్పించుకొని, తమ పేర కామాఠీపుర మను పేటనే నిలిపిరి. షోలాపురమున నూలుమిల్లులు వెలసిన పిమ్మట అచటికి చేరిన పద్మశాలీలును, కోలారు బంగారుగనులకు చిత్తూరు, ఉత్తరార్కాటు సీమలనుండి పోయిన కూలీలును అట్లే చేసిరి. ఒక యుత్తరము, దారిబత్తెము, దిగుటకు ఒక గది యున్న చాలును. వచ్చినవానిని చూపి "ఇతడు నా తమ్ముడు" అన్నచో, అతడు తోడబుట్టినవాడా, పినతండ్రి కుమారుడా యని అడుగు అధికారి లేడు.

సముద్రము దాటినపుడు ఈ స్థితి మారినది. ఎవరు తనవారో చెప్పు హక్కు కుటుంబమునుండి తొలగి, ఆ దేశపు శాసనమునకు సంక్రమించెను. భార్య యెవరు, బిడ్డ యెవరు, ఏ వయస్సు వరకు బిడ్డ, సోదరుడు కుటుంబములోని వాడా కాడా యను ప్రశ్నలకు పరాయి న్యాయస్థానములు సమాధానము చెప్పసాగినవి. ఈ మార్పు ఎట్లు కలిగినదో, దానిని తెలుగువా రెట్లెదుర్కొనిరో దక్షిణాఫ్రికా, యానాము, అమెరికా చరిత్రలు స్పష్టముగా చూపుచున్నవి.

ఒప్పందపు కూలీల కాలము

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడ మదరాసునుండి 342 మందితో నేటాలు దేశపు దర్బను రేవు చేరెను. చెరకుతోటల పనికై అయిదేండ్ల ఒప్పందముపై ఆ దేశము చేరిన మొదటి భారతీయులు వీరే. నడుమ కొన్నియేండ్లు ఆగినను, 1911 వరకు ఈ రవాణా సాగి, మొత్తము 1,52,184 మంది నేటాలునకు చేర్చబడిరి. అందు సుమారు మూడింట రెండువంతులు మదరాసు రేవునుండి పోయినవారు. విశాఖపట్టణము, గంజాము, చిత్తూరు, ఉత్తరార్కాటు సీమల తెలుగువారు వీరిలో చేరియుండిరి. గంజాము సీమలో అధికభాగము 1936లో ఒడిస్సా రాష్ట్రమునందు చేరినది గనుక, నేటి ఒడిస్సా తెలుగువారికిని ఈ చరిత్రతో సంబంధము గలదు.

ఒప్పందపుపద్ధతిలో కుటుంబమునకు ప్రత్యేకస్థానము లేదు. శాసనము చూచినది మనుష్యుల సంఖ్యను మాత్రమే. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలుండవలెనని ఒక నియమ మేర్పడెను గాని, ఆ స్త్రీలు ఆ పురుషుల భార్యలై యుండవలెనను నియమము లేదు. భార్యాభర్తలు కలిసి పోయినవారు కొందరు, డిపోలలోనే దంపతులుగా నమోదైనవారు కొందరు, ఇంటివద్ద భార్యను విడిచిపోయినవారు మరికొందరు. ఓడల నమోదుపుస్తకములలో ప్రతివానికిని ఒక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయబడెను. ఇంటిపేరునకు ఆ పట్టికలో గడి లేదు. తెలుగువారు గోత్రముతోడను, ఇంటిపేరుతోడను బంధుత్వమును గుర్తించువారు. ఇంటిపేరు పోయినవానికి స్వగ్రామములోని అన్నదమ్ములతో తన సంబంధమును కాగితముపై నిరూపించుట ఎంత కష్టమో తరువాతి కాలమున తెలియవచ్చెను.

ఒప్పందము ముగిసినవారు అచటనే నిలిచిపోకుండ నేటాలు ప్రభుత్వము 1895లో సంవత్సరమునకు 3 పౌనుల తలపన్ను విధించెను. తరువాత అది 16 ఏండ్లు దాటిన కుమారులకును, 13 ఏండ్లు దాటిన కుమార్తెలకును విస్తరింపబడెను. తండ్రి, తల్లి, ఎదిగిన కొడుకు, ఎదిగిన కూతురు గల యింటికి ఏటికి 12 పౌనులు. ఒప్పందపు కూలివాని మొదటి యేటి జీతము నెలకు 10 షిల్లింగులు, అనగా ఏటికి 6 పౌనులు. కుటుంబముతో నిలిచియుండుటయే ఇచట శిక్షార్హమైన నేరముగా పరిణమించినదని చెప్పవచ్చును.

ఇదే కాలమున బర్మాకు పోయిన తెలుగువారి స్థితి వేరు. కాకినాడ, విశాఖపట్టణము, గోపాలపూరు రేవులనుండి రంగూనునకు పొగయోడలు నడచుచుండెను. తెలుగువారిని అచట కోరంగీ లనెడివారు. కోరంగి రేవు పేరే జాతిపేరైనది. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో భాగమగుటచే శాసనపు ఆటంకము లేకుండెను. అయినను మేస్త్రీ యిచ్చిన బయానా అప్పు తీరువరకు కూలివాడు స్వతంత్రుడు గాడు. కావున పురుషులే అధికముగా పోయి, డబ్బు పంపి, కొన్నియేండ్లకు తిరిగివచ్చుచుండిరి. శాసనము ద్వారము తెరచియుంచినను అప్పు దానిని మూసినది.

వివాహమునకు సాక్ష్యము

నేటాలు ప్రభుత్వము 1897లో ఒక ఐరోపాభాషలో దరఖాస్తు వ్రాయలేనివానిని రానీయరాదని శాసించెను. అయితే అచట స్థిరనివాసమున్నవాని భార్యకును, మైనరు బిడ్డలకును మినహాయింపు కలదు. 1910లో దక్షిణాఫ్రికా యూనియను ఏర్పడి, 1913లో చేసిన వలసనియంత్రణ శాసనమువలన భారతదేశమునుండి క్రొత్తవారి రాక దాదాపుగా నిలిచిపోయెను. భార్యయు, 16 ఏండ్లలోపు బిడ్డలును అను మినహాయింపు మాత్రము నిలిచినది. అనగా ఆ దేశమున ప్రవేశించుటకు మిగిలిన మార్గము కుటుంబమొక్కటియే.

ఆ మార్గమును కూడ ఒక తీర్పు మూసివేసెను. 1913 మార్చి 14వ తేదీన కేపు ఉన్నతన్యాయస్థానమున న్యాయాధిపతి సర్లు, బహుభార్యాత్వమును అంగీకరించు మతాచారముల ననుసరించి జరిగిన వివాహమును ఆ దేశపు శాసనము గుర్తింపదని నిర్ణయించెను. వ్యాజ్యెము ఒక ముసల్మాను కుటుంబమునకు సంబంధించినదే అయినను, దాని ఫలితము హిందువులకును, పారసీలకును సమానముగా తగిలెను. పందిరి క్రింద, అగ్నిసాక్షిగా, బంధువులెదుట మంగళసూత్రము కట్టించుకొన్న యిల్లాలు ఆ దేశపు న్యాయదృష్టిలో భార్య గాదు. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిపై హక్కును సందేహాస్పదమాయెను.

సత్యాగ్రహచరిత్రలో స్త్రీలు కారాగారమునకు పోయినది ఈ యవమానమువలననే. కస్తూరిబాయి ఆ సంవత్సరము సెప్టెంబరులో అరెస్టయ్యెను. ట్రాన్స్వాలునుండి బయలుదేరిన స్త్రీలలో మదరాసు రాష్ట్రమూలము గలవారే అధికము. వారు న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి, 3 పౌనుల పన్నును గూర్చి కూలీలకు చెప్పి, సమ్మెకు పురికొల్పిరి. నవంబరు 6వ తేదీన గాంధీగారితో ట్రాన్స్వాలు సరిహద్దు దాటిన యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది బిడ్డలు ఉండిరి. పన్ను, వివాహము అను రెండు సమస్యలును పైకి వేరుగా కన్పించినను నిజమునకు ఒక్కటే. కుటుంబముగా జీవించు హక్కు కూలివానికి కలదా లేదా యనునదే అచటి వివాదము.

1914లో భారతీయుల ఉపశమన శాసనము వచ్చెను. పన్ను రద్దయ్యెను. ఒక భార్యతో జరిగిన భారతీయ వివాహములు చెల్లునవి యాయెను. ఆ దేశమున వేరొక భార్య లేనివాడు తన భార్యను, మైనరు బిడ్డలను స్వదేశమునుండి రప్పించుకొనవచ్చును. ఇది విజయమే యైనను, దానితో కుటుంబమునకు ఒక క్రొత్త నిర్వచనము కూడ స్థిరపడినది. ముసలి తల్లిదండ్రులు, విధవయైన అక్క, తండ్రి లేని మేనల్లుడు ఆ నిర్వచనమున చోటు పొందలేదు.

ధ్రువపత్రముల యుగము

1918లో లండనున జరిగిన సామ్రాజ్య యుద్ధసభ ఈ పద్ధతిని సామ్రాజ్యమంతటికిని విస్తరింపజేసెను. ప్రతి స్వపరిపాలిత దేశమునకు తన జనాభా యెట్లుండవలెనో నిర్ణయించుకొను హక్కు కలదని ఆ సభ తీర్మానించెను. అదే తీర్మానమున, అచట స్థిరనివాసమేర్పరచుకొన్న భారతీయులు తమ భార్యను, మైనరు బిడ్డలను తెచ్చుకొనవచ్చుననియు, ఒక్కొక్కనికి ఒక్క భార్యకు మించి కూడదనియు, వచ్చు ప్రతివ్యక్తియు అతని న్యాయమైన భార్యయో బిడ్డయో యని భారతప్రభుత్వము ధ్రువపరుపవలెననియు నియమములు చేయబడెను. నేటి దేశములు కోరు బంధుత్వనిరూపణ పత్రములకు ఇది పూర్వరూపము.

తెలుగు పల్లెలలో ఈ నియమ మెట్టి చిక్కు తెచ్చునో ఊహింపవచ్చును. వివాహమునకు సాక్ష్యము పందిరి, పురోహితుడు, పెద్దలు, బంధువులు. పెండ్లి లగ్నపత్రికలో నున్నను సర్కారు పుస్తకములో లేదు. బిడ్డ పుట్టినది ఏ యేటనో తల్లి పంటనుబట్టియో, తుపానునుబట్టియో చెప్పును గాని తేదీ చెప్పలేదు. వయోనిర్ణయము పదునారు దాటినదని తేలినయెడల ఆ బిడ్డ తండ్రిని చేరుటకు వీలులేదు. ఊరంతయు ఎరిగిన బంధుత్వమునకు ఊరెరుగని అధికారి ముద్ర కావలసివచ్చెను.

1927లో జరిగిన కేపుటౌను ఒడంబడిక ఈ హక్కును మరల ధ్రువపరచెను. దానితోపాటు స్వదేశమునకు మరలిపోవువారికి పెద్దవారికి 20 పౌనులు, పిల్లలకు 10 పౌనుల చొప్పున ఇచ్చు ఏర్పాటును చేసెను. ఒక చేతితో భార్యాబిడ్డలను రానిచ్చుచు, వేరొక చేతితో కుటుంబమునంతయు పంపివేయుటకు డబ్బిచ్చుట ఆ ఒడంబడిక స్వభావము. మూడేండ్లు ఎడతెగక దేశమున లేనివాడు స్థిరనివాసపు హక్కును కోల్పోవును. కావున స్వగ్రామమునకు వచ్చి తల్లికి తోడుగా కొంతకాలముండవలెనని తలచినవాడును దినములు లెక్కించుకొనవలసినవాడే.

ఆ ఒడంబడిక ననుసరించి భారతప్రభుత్వపు ఏజెంటు దక్షిణాఫ్రికాలో నియమింపబడెను. మొదటివారు శ్రీనివాసశాస్త్రిగారు. 1929 నుండి 1932 వరకు ఆ పదవి నిర్వహించిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు తెలుగువారు. ఆ కాలముననే 1931లో దక్షిణాఫ్రికా తెలుగువారు ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఒంటరి కూలీల సంఖ్యాపట్టికగా ఆరంభమైన జనసముదాయము డెబ్బది యేండ్లలో భాష, పండుగ, భజన గల సంఘముగా మారుటకు, ఆ దేశముననే పుట్టి పెరిగిన బిడ్డలతోపాటు స్వదేశమునుండి వచ్చి చేరిన ఇల్లాండ్రును కారకులు. ఇంటిలో తెలుగు నిలిపినది ప్రధానముగా స్త్రీలే యనుట సాహసము గాదు.

1953లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము మరియొక శాసనము చేసి భారతదేశమునుండి భార్యాబిడ్డలను రప్పించుకొను హక్కును కూడ తొలగించెను. 1914లో కారాగారవాసముతో సాధించినది నలువది యేండ్లు నిండకమునుపే పోయినది. స్వదేశమున వధువును వెదకుట వ్యర్థమగుటతో రెండు తీరముల నడుమ బంధుత్వపు దారము సన్నగిల్లెను. భారతీయులు ఆ దేశపు శాశ్వతప్రజలని ప్రభుత్వము 1961లో అంగీకరించునప్పటికి తెలుగు అచటి యిండ్లలో క్షీణింపసాగెను. భాషాక్షీణతకు పాఠశాల, ఉద్యోగము మొదలగు ఇతర కారణములును గలవు. అయినను స్వదేశమునుండి అమ్మమ్మలు, కోడండ్రు రాకపోవుట వానిలో చిన్నది గాదు.

యానాములో ఆరునెలల గడువు

దక్షిణాఫ్రికాలో మనుష్యుడు సరిహద్దు దాటినాడు. యానాములో సరిహద్దే మనుష్యుని దాటినది. ఫ్రెంచి పాలనలోని యానాము 1954లో భారతదేశమునకు వాస్తవముగా చేరెను. 1956 మే 28వ తేదీన చేసికొన్న సంధి 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. ఆ ప్రాంతములలో పుట్టి, అచటనే నివసించుచున్న ఫ్రెంచి పౌరులు సంధివలన భారతపౌరులగుదురు. ఎవరైనను ఫ్రెంచి పౌరసత్వమునే నిలుపుకొనగోరినయెడల ఆరునెలలలోగా వ్రాతమూలకముగా తెలుపుకొనవలెను.

ఈ యెంపిక చేసినవారిలో అధికసంఖ్య పుదుచ్చేరి, కారైకాలు వాసులదే గాని, నియమము యానాము తెలుగువారికిని సమానమే. 18 ఏండ్లలోపు అవివాహితులైన బిడ్డలకు తండ్రి నిర్ణయమే నిర్ణయము. తండ్రి లేనిచో తల్లిది, ఇరువురును లేనిచో సంరక్షకునిది. 16 ఏండ్లు దాటి వివాహమైన కుమారుడు మాత్రము తన నిర్ణయము తానే చేసికొనవచ్చును. పెద్దవారిలో ఎవరి కాగితము వారిదే. కావున ఒకే యింట పుట్టిన యిద్దరన్నదమ్ములలో ఒకడు ఫ్రెంచివాడుగను, ఒకడు భారతీయుడుగను నిలుచుటకు ఈ సంధి వీలు కలిగించెను. ఆ దినమున అది సంతకమునకు సంబంధించిన విషయము మాత్రమే. ఫలితము తరువాతి తరములలో తెలిసినది. ఫ్రెంచి పౌరసత్వము నిలుపుకొన్నవాని బిడ్డలు ఆ దేశమున సహజముగా ప్రవేశింపగలరు. ప్రక్కయింటనున్న తమ్ముని బిడ్డలకు ఆ హక్కు లేదు. తరువాత ఫ్రాన్సునకు పోయినవారు భార్యాబిడ్డలను రప్పించుకొనగలిగిరి గాని, తమ్ముని కుటుంబమును రప్పించుకొనుటకు శాసనమున మార్గము కానరాదు.

అమెరికా: సోదరుడను మాటకు అర్థము

అమెరికా సంయుక్తరాష్ట్రములు 1917 శాసనముచే భారతదేశమునుండి వలసను నిషేధించెను. భారతీయులు అచట పౌరులగుటకు అర్హులు గారని 1923లో అత్యున్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ దశకపు తొలియేండ్లలోనే బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పాతికేండ్లు అచటనే పరిశోధనలు సాగించి, లోకమునకు మహోపకారము చేసి, 1948లో మరణించిరి. వారి భార్య స్వదేశముననే యుండిపోయెను. దంపతులు మరల కలిసికొనలేదు. దీనికి శాసనమొక్కటియే కారణమని చెప్పరాదు. అయినను వారి యచటి జీవితములో చాలభాగము పౌరసత్వమునకు గాని, దాని మూలమున కుటుంబమును రప్పించుకొనుటకు గాని దారి లేని కాలముననే గడచినది. 1946 జులై 2వ తేదీ శాసనము భారతీయులకు పౌరసత్వార్హతను, ఏటికి 100 మందికి ప్రవేశమును కల్పించెను.

1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సను సంతకము చేసిన శాసనము ఈ స్థితిని తలక్రిందులు చేసెను. తూర్పు గోళార్ధమునకు ఏటికి 1,70,000 ప్రవేశములు, ఏ దేశమునకును 20,000 మించకుండ, కేటాయించి, అందు నూటికి 74 వంతులు బంధువులకు ప్రత్యేకింపబడెను. పౌరుల సోదరసోదరీమణులకు నూటికి 24 వంతులు దక్కెను. బంధువులకు పెద్దపీట వేసినచో అప్పటికే అచటనున్న ఐరోపాజాతులవారే వత్తురని శాసనకర్తలలో కొందరు తలచిరి. జరిగినది వేరు. వైద్యులు, ఇంజనీర్లుగా విద్యార్హతలపై ప్రవేశించిన తెలుగువారు పౌరులై, భార్యలను, తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకొనిరి. షోలాపురపు నేతగాడు చేసిన పనినే న్యూజెర్సీలోని వైద్యుడును చేసెను. అయితే అతనికి ఉత్తరము చాలలేదు. దరఖాస్తు కావలసెను.

ఈ శాసనపు నిర్వచనములు తెలుగు బంధుత్వముతో మూడుచోట్ల ఢీకొనినవి. మొదటిది సోదరశబ్దము. పెదతండ్రి కుమారుడు తెలుగున అన్నయే, పినతల్లి కుమార్తె చెల్లెలే. శాసనమునకు సోదరత్వమనగా తల్లిదండ్రులలో కనీసము ఒకరు సమానమై యుండవలెను. రెండవది వివాహము. మేనమామ అక్కకూతురిని వివాహమాడుట దక్షిణదేశపు ఆచారమైనను, అమెరికా రాష్ట్రములలో అధికభాగము అట్టి వివాహమును చెల్లనిదిగా ఎంచును. మూడవది అత్తమామలు. తన తల్లిదండ్రులను రప్పించుకొను హక్కు పౌరునికి కలదు గాని, భార్య తల్లిదండ్రులకు దరఖాస్తు ఆమెయే పౌరురాలై పెట్టుకొనవలెను.

1990 శాసనము తరువాత సోదరుల తరగతికి ప్రపంచమంతటికిని ఏటికి 65,000 స్థానములే. ఏ యొక్క దేశమువారికిని బంధు, ఉద్యోగ తరగతుల మొత్తములో నూటికి 7 వంతులకు మించి దక్కదు. కావున భారతదేశమున పుట్టిన తమ్మునికై అన్న పెట్టిన దరఖాస్తు పదునైదేండ్లు దాటియు వేచియుండుచున్నది. ఈలోగా తమ్ముని బిడ్డలకు 21 ఏండ్లు నిండును. 2002 నాటి ఒక శాసనము వయస్సు లెక్కించుటలో కొంత వెసులుబాటు చేసినను, చాలమంది బిడ్డలు ఆ గడువు దాటుటచే తల్లిదండ్రుల వెంట పోలేకున్నారు. అన్న పిలుపు తమ్ముని చేరునప్పటికి తమ్ముడు తన బిడ్డలను విడిచి పోవలెనా యని యోచింపవలసివచ్చుచున్నది. కుటుంబమును కలుపుటకు చేసిన దరఖాస్తు మరియొక కుటుంబమును విడదీయు ప్రమాదము ఇందున్నది.

పిలిచినవాని బాధ్యతయు శాసనబద్ధమైనది. 1996 శాసనము ననుసరించి పిలుచువాడు దారిద్ర్యరేఖకు నూటికి 125 వంతుల ఆదాయము చూపి, వచ్చినవాని పోషణకు పూచీపత్రము వ్రాసియీయవలెను. వచ్చినవాడు పౌరుడగువరకో, పదేండ్ల పనికి సమానమైన 40 త్రైమాసికములు పూర్తియగువరకో ఆ పూచీ సాధారణముగా నిలిచియుండును. తమ్ముని పోషణ అన్నధర్మమని తెలుగుగృహము ఎన్నడును కాగితముపై వ్రాసికొనలేదు. పరాయిశాసనము దానిని న్యాయస్థానమున వసూలు చేయదగిన ఋణముగా మార్చినది.

ఉపసంహారము

ట్రూరో ఓడ పట్టికనుండి నేటి దరఖాస్తులవరకు దేశములు, కాలములు వేరైనను ఒక విషయము మాత్రము మారలేదు. పిలుచుట కుటుంబపు పని, ఎవరిని పిలువవచ్చునో నిర్ణయించుట ప్రభుత్వపు పని. ఈ రెంటి నడుమ నలిగినవారు ముఖ్యముగా స్త్రీలు, ముసలివారు, వయస్సు గడువు దాటిన బిడ్డలు. 1913లో భార్య యనిపించుకొనుటకు స్త్రీలు కారాగారమునకు పోవలసివచ్చెను. నేడు జననధ్రువపత్రము లేని వృద్ధురాలు తాను కుమారునికి తల్లి నని నిరూపించుకొనుటకు బడిపత్రములు, బంధువుల ప్రమాణపత్రములు వెదకుకొనుచున్నది.

ఈ చరిత్రకు ఆధారములు రాజ్యాభిలేఖశాలలలో కొన్ని గలవు. అధికభాగము ఇండ్లలోని పెట్టెలలో నున్నది. ఓడచీటీలు, వివాహధ్రువపత్రములు, గ్రామాధికారుల దాఖలాలు, "నీ చెల్లెలి బిడ్డ పెద్దవాడగుచున్నాడు, త్వరపడుము" అను తీరున వ్రాసిన ఉత్తరములు కాలగర్భమున కలియకముందే ప్రవాసాంధ్రసంఘములు వానిని సేకరించి, నకళ్లు తీసి భద్రపరుపదగును. ఇంటిపేరు, గ్రామము, బంధుత్వము వ్రాసియుంచిన వంశవృక్షము ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కటి యున్నయెడల, ఓడపట్టిక వ్రాయక విడిచిన గడి ఇన్నాళ్లకైనను పూరింపబడును.